ఆవులకి గోత్రాలు ఉంటాయా?

"అచ్చోసిన ఆంబోతులా ఊరంతా తిరిగొచ్చావా?" తెలుగు ఊళ్ళో పెరిగిన నాన్నలు చాలామంది ఎప్పుడో ఒకప్పుడు తిన్న తిట్టే ఇది. పిల్లలూ, మీ ఇంటికి అమ్మమ్మో నాయనమ్మో వచ్చి ఉంటే అడిగి చూడండి, ఎవరిని ఎన్నిసార్లు తిట్టారో లెక్కతో సహా చెబుతారు.

తిట్టు సంగతి అలా ఉంచితే, ఆ మాట వెనకాల ఒక మంచి ఏర్పాటు ఉంది. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో పూర్వం కలిగిన ఇంట్లో పెద్దాయన కాలం చేస్తే ఆయన పేరిట ఒక కోడెదూడను దేవుడికి వదిలేవారు. ఏదో ఒక దూడని తోలేసి చేతులు దులుపుకోవడం కాదు. పశువుల గురించి తెలిసిన పెద్దలు చుట్టుపక్కల ఊళ్ళు గాలించి, ఒడ్డూ పొడుగూ, మూపురం, నడక, తల్లి పాడి అన్నీ చూసి ఒకదాన్ని ఎంచేవారు. దాని ఒంటిమీద కాల్చి ముద్ర వేసేవారు. అదే "అచ్చు". ఆ తర్వాత దానికి కాడి లేదు, కట్టుతాడు లేదు. ఎవరి చేలో పడి మేసినా ఎవరూ కర్ర ఎత్తేవారు కాదు. ఊళ్ళో ఆవులన్నిటికీ పుట్టే దూడలకి అదే తండ్రి. ఒక్క మంచి ఆంబోతుతో ఊరి మంద మొత్తం బాగుపడేది. ఒంగోలు జాతి పేరు ప్రపంచానికి తెలిసిందంటే అందులో ఈ ఆచారం పాలు చాలా ఉంది.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. ఊరికంతటికీ ఒకే తండ్రి అయితే, నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ ఊరి పెయ్యలన్నీ ఒకదానికొకటి ఏమవుతాయి? అక్కచెల్లెళ్ళు అవుతాయి. అప్పుడు వాటికి సంబంధం ఎక్కడ వెతకాలి? పశువుల్ని గానీ పంటల్ని గానీ మెరుగుపరిచేవాళ్ళు ఇవాళ్టికీ తలపట్టుకునే ప్రశ్న ఇదే. బాగున్నదాన్ని ఎంచకపోతే మంద బాగుపడదు. బాగున్నదాన్ని మాత్రమే ఎంచుకుంటూ పోతే మంద అంతా ఒకే ఇంటిదైపోతుంది. దీనికి మన ఫ్రిజ్‌లో ఉన్న పాల క్యాను కంటే మంచి ఉదాహరణ లేదు.

1950లో అమెరికాలో సుమారు రెండు కోట్ల ఇరవై లక్షల పాడి ఆవులు ఉండేవి. ఒక్కో ఆవు ఏడాదికి సగటున 5,300 పౌండ్ల పాలిచ్చేది. ఇప్పుడు ఉన్నవి తొంభై నాలుగు లక్షలే, కానీ ఒక్కో ఆవు ఇచ్చేది 24,000 పౌండ్ల పైమాటే. అంటే ఆవులు సగానికన్నా తగ్గిపోగా దేశంలో మొత్తం పాలు దాదాపు రెట్టింపయ్యాయి. మేపు, వైద్యం, కొట్టాలు మెరుగుపడటం వల్ల కొంత వచ్చింది. సుమారు సగం మాత్రం ఎంపిక వల్ల వచ్చిందని లెక్క. దీన్నే జన్యు పురోగతి అంటారు. తరం తర్వాత తరం మంచి తల్లిదండ్రుల్ని ఎంచగా ఎంచగా పెరిగే మెరుగుదల అన్నమాట.

ఇంత వేగం ఎలా వచ్చింది? ఆంబోతు ఊరు దాటి తిరగనక్కరలేకుండా పోయింది. 1938లో న్యూజెర్సీ రైతులు కొందరు సహకార సంఘం పెట్టుకుని కృత్రిమ గర్భధారణ మొదలుపెట్టారు. 1949లో ఇంగ్లండులో వీర్యాన్ని గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించి నిల్వచేసే పద్ధతి దొరికింది. దాంతో ఒక్క ఆంబోతు దేశదేశాల్లో, తను చచ్చిపోయాక కూడా, దూడలకి తండ్రి కావచ్చు. విస్కాన్సిన్‌లో టాయ్‌స్టోరీ అని ఒక ఆంబోతు ఉండేది (సినిమా పేరేనండీ, పిల్లలూ!). 2014లో చనిపోయే నాటికి దాని వీర్యం ఇరవై నాలుగు లక్షల మోతాదులు అమ్ముడుపోయింది. మన అచ్చోసిన ఆంబోతు తిరిగింది ఒక ఊరు, మహా అయితే నాలుగూళ్ళు.

ఇక అసలు కథకి వద్దాం. 1962లో నెబ్రాస్కాలో చీఫ్ అనే హోల్‌స్టీన్ ఆంబోతు పుట్టింది. నలుపూ తెలుపూ మచ్చలతో పాల క్యాన్ల మీద బొమ్మగా కనిపించే జాతి అది. చీఫ్ కూతుళ్ళు పాల వరద పారించాయి. రైతులందరికీ చీఫే కావాలి, తర్వాత చీఫ్ కొడుకులు కావాలి. చీఫ్‌కి పదహారు వేల మంది కూతుళ్ళు, అయిదు లక్షల మంది మనవరాళ్ళు, ఇరవై లక్షల పైచిలుకు మునిమనవరాళ్ళు. హోల్‌స్టీన్ జాతి మొత్తం జన్యువుల్లో సుమారు 14 శాతం ఈ ఒక్క జీవి నుంచి వచ్చినవే.

ప్రతి ప్రాణిలోనూ ఒక్కో జన్యువుకి రెండు ప్రతులు ఉంటాయి, అమ్మ ఇచ్చినది ఒకటి, నాన్న ఇచ్చినది ఒకటి. ఒకే పాఠం ఉన్న రెండు పుస్తకాలనుకోండి. ఒకదాంట్లో అచ్చుతప్పు పడినా రెండోది చూసి పని నడిపించుకోవచ్చు. రెండిట్లోనూ అదే చోట అదే తప్పు ఉంటేనే ఇబ్బంది. చీఫ్‌కి వచ్చిన ఒక ప్రతిలో అలాంటి తప్పు ఒకటి ఉంది. అందులో చీఫ్ నేరమేమీ లేదు. మీలో, నాలో, ప్రతి జీవిలో అలాంటివి కొన్ని దాగి ఉంటాయి. కానీ చీఫ్ వంశం ఇరుపక్కలా వ్యాపించాక, ఆ తప్పు మోస్తున్న ఆంబోతుకీ అదే తప్పు మోస్తున్న ఆవుకీ జతపడటం మొదలైంది. అలాంటి జతకి కట్టిన చూళ్ళలో నాలుగింట ఒకటి కడుపులోనే పోతుంది.

అలా పోతున్న సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. తొలి రోజుల్లోనే పోయేది కాబట్టి, ఈసారి చూలు నిలవలేదనుకుని రైతు మళ్ళీ ప్రయత్నించేవాడు. 2011లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకున్న తీరు డిటెక్టివ్ కథలా ఉంటుంది. వేలాది ఆవుల డి.ఎన్.ఎ. వివరాలు ముందేసుకుని, ఉన్నవాటిని కాకుండా లేనివాటిని వెతికారు. డి.ఎన్.ఎ.లో ఒక ముక్క చాలా పశువుల్లో ఒక ప్రతిగా కనిపిస్తోంది. లెక్క ప్రకారం కొన్నిట్లో రెండు ప్రతులూ అవే ఉండాలి, కానీ అలాంటి పశువు ఒక్కటంటే ఒక్కటి కూడా బతికి లేదు. అలా ఉండవలసినవి పుట్టనే లేదన్నమాట. 2016లో ఆ తప్పు సరిగ్గా ఏ జన్యువులో ఉందో తేలింది. ముప్ఫై అయిదేళ్ళలో ప్రపంచవ్యాప్తంగా దానివల్ల పోయిన చూళ్ళు సుమారు అయిదు లక్షలని, నష్టం 42 కోట్ల డాలర్లని అంచనా వేశారు. అదే కాలంలో చీఫ్ జన్యువుల వల్ల అదనంగా వచ్చిన పాల విలువ సుమారు 3,000 కోట్ల డాలర్లని కూడా అన్నారు. కనక చీఫ్‌ని వాడటం పొరపాటని ఎవరూ అనలేరు. వాడకపోతే ఆ పాలు లేవు. అంతగా వాడటం వల్ల వచ్చిన చిక్కు మాత్రం ఇప్పటికీ ఉంది.

దాన్ని చెప్పాలంటే గోత్రాల్లోకి రావాలి. మన పెద్దలు సంబంధం మాట్లాడేటప్పుడు గోత్రమో ఇంటిపేరో ముందు కనుక్కుంటారు. రెండూ తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవే. జన్యువుల్లో సరిగ్గా అలాగే తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చేది వై క్రోమోజోము. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఉత్తర అమెరికాలోని హోల్‌స్టీన్ ఆంబోతుల తండ్రి వంశాలన్నీ తిరగేసి 2015లో ఒక సంగతి బయటపెట్టారు. వాటిలో నూటికి తొంభై తొమ్మిదికి పైగా రెండే రెండు ఆంబోతుల వంశం. ఒకటి మన చీఫ్, రెండోది 1965లో వర్జీనియాలో పుట్టిన ఎలివేషన్. మన లెక్కలో చెప్పాలంటే ఆ జాతి మొత్తానికి మిగిలినవి రెండు గోత్రాలు!

అయితే గోత్రం ఒక్కటే చూస్తే చాలదు. మేనమామ కూతురిది వేరే గోత్రమే, ఇంటిపేరూ వేరే, కానీ తాతా అమ్మమ్మా ఒకరే కదా. అందుకని శాస్త్రవేత్తలు ఇంకో కొలత వాడతారు. బిడ్డలోని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ప్రతికి నకళ్ళు అయ్యే అవకాశం ఎంత అన్నది ఆ కొలత. మేనత్త, మేనమామ బిడ్డలు పెళ్ళిచేసుకుంటే పుట్టే పిల్లలకి అది పదహారింట ఒక వంతు, అంటే 6.25 శాతం. అక్క కూతుర్ని చేసుకుంటే ఎనిమిదింట ఒకటి, 12.5 శాతం. ఇది ఎవరినీ వేలెత్తి చూపడానికి కాదు, మన ఇళ్ళలో తాతల కాలంలో రెండూ మామూలే. కొలబద్ద తెలియాలని చెప్పానంతే. ఈమధ్య పుట్టిన అమెరికా హోల్‌స్టీన్ పెయ్యల సగటు ఈ కొలతలో మేనరికం గీత దాటేసింది. ఎవరో పనిగట్టుకుని దగ్గరి సంబంధం కలిపిన పెయ్య సంగతి కాదు, సగటు పెయ్య సంగతి.

లక్షల ఆవులుండగా ఇలా ఎందుకవుతుంది? లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు పెన్సిలు తీసుకోండి. మందలో ఆంబోతుల సంఖ్యని ఆవుల సంఖ్యతో హెచ్చించండి, దాన్ని నాలుగుతో హెచ్చించండి, వచ్చినదాన్ని ఆంబోతులూ ఆవులూ కలిపిన మొత్తంతో భాగించండి. పది ఆంబోతులు, వెయ్యి ఆవులు అయితే జవాబు సుమారు 40. అంటే చూడటానికి వెయ్యి పైచిలుకు తలలున్నా, వైవిధ్యం దృష్టిలో అది నలభై తలల మందతో సమానం. ఇప్పుడు ఆవుల్ని రెండు వేలు చేసి చూడండి. జవాబు మళ్ళీ దాదాపు నలభయ్యే! ఆవుల్ని అలాగే ఉంచి ఆంబోతుల్ని ఇరవై చెయ్యండి, జవాబు 78కి ఎగబాకుతుంది. ఒక్క ఆంబోతే ఉంటే? వెయ్యి ఆవులున్నా నాలుగే. ప్రతి దూడలో సగం తండ్రిదే కాబట్టి, తండ్రులు ఎంతమంది అన్నదే మందకి అసలు వెడల్పు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఈ సంఖ్య 50కి తగ్గకుండా చూసుకోమంటుంది. హోల్‌స్టీన్‌కి వేసిన అంచనాలు ఎక్కువగా వందకి లోపే ఉన్నాయి.

దాగిన తప్పులు బయటపడటం ఒక నష్టమైతే, అంతకన్నా పెద్దది ఇంకోటి ఉంది. మెరుగుపరచాలంటే ముందు తేడాలుండాలి. క్లాసులో అందరికీ ఒకే మార్కులొస్తే ఫస్టు ర్యాంకు ఎవరికిస్తారు? మందలో అన్నీ ఒకేలా ఉంటే ఎంచడానికి ఏముంది? పైగా రేపు మనకి ఏ గుణం కావాలో ఇవాళ తెలియదు. పాల కోసమే ఎంచుకుంటూ పోయిన దశాబ్దాల్లో హోల్‌స్టీన్లకి చూలు కట్టే శక్తి తగ్గుతూ వచ్చింది. 2003 నుంచి అమెరికాలో ఆ గుణాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాక ఆ జారుడు ఆగి మళ్ళీ పుంజుకుంది. మందలో ఆ తేడా ఇంకా మిగిలి ఉంది కాబట్టి వెనక్కి తేగలిగారు. రేపు ఎండలు తట్టుకునే గుణం కావచ్చు, ఇప్పటిదాకా పేరు వినని రోగం కావచ్చు. దానికి సంబంధించిన జన్యువు పాలు తక్కువని మూడు తరాల కింద పక్కన పెట్టేసిన వంశంలో ఉండి ఉంటే, వెతికినా దొరకదు.

మరి రెండూ కుదిరే దారి లేదా? దగ్గరి చుట్టాలకి జత కట్టకుండా ఉంటే సరిపోతుంది కదా అని చాలామందికి తోస్తుంది. ఇప్పుడు కంప్యూటర్లు ఆ పని చేసిపెడతాయి కూడా. పెళ్ళిళ్ళ పేరయ్యలాగా ఈ ఆవుకి ఏ ఆంబోతు అయితే దూరపు సంబంధమో చూసి చెబుతాయి. కానీ అది గండం వాయిదా వేయడమే. అందరూ ఒకే తాత మనవలయ్యాక పేరయ్య మాత్రం దూరపు సంబంధం ఎక్కడినుంచి తెస్తాడు? అందుకని అసలు నిర్ణయం పెళ్ళిచూపులకి ముందే జరగాలి. ఏ ఆంబోతుకి ఎన్ని దూడలు అన్నదే ఆ నిర్ణయం.

ఒక ఉదాహరణ. నాలుగు ఆంబోతులకి 100, 99, 98, 95 మార్కులు వచ్చాయనుకోండి. మూడిటిని ఎంచమంటే ఎవరైనా మొదటి మూడూ అంటారు. కానీ ఆ మూడూ అన్నదమ్ములైతే? మూడిటిని వాడినా చాలావరకు ఒకే ఇంటి జన్యువుల్ని మూడుసార్లు వాడినట్టే. 95 వచ్చినది వేరే ఇంటిదైతే దానికి ఒక వాటా ఇవ్వడం వల్ల సగటులో పోయేది ఒకటో రెండో మార్కులు, మిగిలేది ఒక ఇల్లు. థియో మ్యూవిసెన్ అనే శాస్త్రవేత్త 1997లో దీనికి గణితం కట్టాడు. తరానికి దగ్గరితనం ఎంతవరకు పెరగనిస్తామో ముందు గీత గీసుకోవాలి. ఆ గీత దాటకుండా ఎక్కువలో ఎక్కువ పురోగతి ఎలా వస్తుందో లెక్క తీసి, ఏ ఆంబోతుకి ఎంత వాటా అన్నది తేల్చాలి. అందరికన్నా మంచిదానికి పెద్ద వాటానే వస్తుంది, మొత్తం వాటా మాత్రం రాదు. తమాషా ఏమిటంటే, 2001లో డి.ఎన్.ఎ. చూసి దూడగా ఉండగానే పశువు విలువ చెప్పే పద్ధతిని ప్రతిపాదించిన ముగ్గురిలోనూ ఈయన ఒకరు. బ్రేకు, యాక్సిలరేటరు రెండూ ఒకే మనిషి చేతిమీదుగా వచ్చాయన్నమాట. 2009 నుంచి అమెరికా పాడి రంగం ఆ రెండోదాన్ని అధికారికంగా అందుకుంది. అంతకుముందు ఆంబోతు విలువ తెలియాలంటే దాని కూతుళ్ళు పెరిగి పాలిచ్చేదాకా అయిదేళ్ళు ఆగాలి. ఇప్పుడు ఆ పని లేదు కాబట్టి తరాలు పరుగెడుతున్నాయి, పాలతో పాటు దగ్గరితనమూ పరుగెడుతోంది.

బ్రేకు ఉండగా ఎందుకు నొక్కరు? నా ఉద్దేశంలో ఇది శాస్త్రం తెలియక వచ్చిన చిక్కు కాదు. ఏ రైతుకి ఆ రైతు నంబర్ వన్ ఆంబోతునే కొనుక్కోవడంలో తప్పు లేదు, అప్పులూ ఖర్చులూ ఆయనవి. వీర్యం అమ్మే కంపెనీ కూడా పోటీలో వెనకబడితే మూతపడుతుంది. వైవిధ్యం అనేది ఊరుమ్మడి చెరువులాంటిది, అందరికీ కావాలి, పూడిక తియ్యడానికి ఎవరి వంతూ కాదు. నార్వేలో సంగతి కాస్త వేరు. అక్కడి ఎర్ర ఆవుల జాతిని నడిపేది రైతుల సొంత సహకార సంఘం. పాలతో పాటు చూలు కట్టే గుణాన్నీ, పొదుగు వాపు రాని గుణాన్నీ 1970ల నుంచే వాళ్ళు ఎంపికలో కలుపుకున్నారు.

పోయినదాన్ని కొంతైనా వెనక్కి తెచ్చే ప్రయత్నం ఇక్కడే ఒకటి జరిగింది. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో వ్యవసాయ శాఖవారి జన్యు భాండాగారం ఉంది. ద్రవ నైట్రోజన్‌లో, సున్నాకి 196 డిగ్రీల సెల్సియస్ కింద, పాత ఆంబోతుల వీర్యం భద్రంగా ఉంటుంది. పెన్సిల్వేనియా బృందం అందులోంచి, చీఫ్‌కీ ఎలివేషన్‌కీ సంబంధం లేని, దశాబ్దాల కిందటి రెండు ఆంబోతులది వెతికి తీసి, ఇప్పటి మేలైన ఆవులతో జతచేసింది. 2017లో దూడలు పుట్టాయి. అంతరించాయనుకున్న రెండు గోత్రాలు మళ్ళీ నడకలు నేర్చాయి.

ఇంతకీ మన ఒంగోలు సంగతి ఏమయింది? మన జాతి బ్రెజిల్ వెళ్ళి నెల్లూరు పేరుతో "నెలోర్" అయింది. టెక్సస్‌లో హైవే పక్కన కనిపించే మూపురం ఉన్న బ్రాహ్మన్ పశువుల్లోనూ మన రక్తం ఉంది. భారతదేశం నుంచి బ్రెజిల్‌కి అన్ని జాతులూ కలిపి వెళ్ళినవి ఏడు వేల లోపేనని లెక్క. ఇవాళ అక్కడున్న ఇరవై కోట్ల పైచిలుకు పశువుల్లో నూటికి ఎనభై దాకా నెలోర్ జాతివో, దాని సంకరమో. 1960ల మొదట్లో వెళ్ళిన ఆఖరి పెద్ద జట్టులో ఒంగోలు పక్కన కరవది ఊరి పేరు మోస్తున్న ఆంబోతు ఉంది. బ్రెజిల్ వాళ్ళు "కర్వాడి" అంటారు. నెలోర్ వంశవృక్షాల్లో ఈ పేరు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా 14 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆవు మొత్తం ధర నలభై మూడు లక్షల డాలర్లు అయినట్టు, అప్పటికి అదే ప్రపంచ రికార్డు. అలాంటి ఆవు అండాలు తీసి వేరే ఆవుల కడుపున మోయిస్తారు కనక ఇప్పుడు తల్లులు కూడా చీఫ్‌లు కావచ్చు. కొద్ది మంది పూర్వీకుల మీద, మళ్ళీ కొద్ది మంది మేటి జీవుల ఎంపిక. కథ మనకి తెలిసినదే.

పుట్టినింట్లో పరిస్థితి దీనికి తలకిందులు. ట్రాక్టరు వచ్చి కాడి పని పోయింది. పాల కోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు వచ్చాయి. ఒంగోలు మందలు తగ్గిపోయాయి. మిగిలినవాటిలో, బ్రెజిల్‌కి ఎప్పుడూ వెళ్ళని వంశాలు ఇంకా ఉన్నాయి. కానీ ఏ ఆవు ఎంత పాలిచ్చింది, ఏ దూడ ఏడాదికి ఎంత బరువు పెరిగింది అని రాసి పెట్టినవి తక్కువ. సంక్రాంతికి బండలాగుడు పందేల్లో గెలిచిన జతకి పేరొస్తుంది, దాని తల్లిదండ్రుల లెక్క ఎవరి దగ్గరా ఉండదు. బ్రెజిల్‌లో పుస్తకాలున్నాయి, కొత్త రక్తం తక్కువ. మన దగ్గర రక్తం ఉంది, పుస్తకాలు తక్కువ. గుంటూరు పక్కన లాంలో, ప్రకాశం జిల్లా చదలవాడలో ఉన్న ప్రభుత్వ ఫారాలు ఈ జాతిని నిలిపే పనిలో ఉన్నాయి. సెలవులకి గుంటూరు వైపు వెళ్ళేవాళ్ళు ఒక పూట లాం వెళ్ళి రండి. పిల్లలు మూపురాలు, గంగడోళ్ళు చూసి ఫొటోలు దిగాక, ఏ దూడకి తండ్రి ఎవరో రాసిన రిజిస్టరు ఉంటుంది, చూపించమని అడగండి. రెండు పేజీలు తిప్పి, ఎన్ని పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో లెక్కపెట్టించండి.